వేసవిలో ఇంటిని చల్లగా ఉంచుకొనుట



శివరాత్రితో చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని పెద్దలు అంటారు. ఆ శివరాత్రి వెళ్ళింది. మిరప కళ్ళాల్లో కాయ ఎండుచున్నది. కందులు ఇంటికి చేరినవి. ఈ సమయంలో పంటను గురించి చెప్పక ఇంటిని గురించి చెబుతాడేమిటి ఈ విస్తరణాధికారి అని మీలో కొందరు అనుకోవచ్చు. పైరు వాడితే మనం తడి పెడతాం. పశువు రొప్పితే నీడకు కడతాం. వెనక వసారాలో రేకుల కింద పడుకొన్న ముసలి తల్లి సంగతి మాత్రం రోహిణి ఎండలు వచ్చేదాకా మనకు తోచదు. అప్పటికి చేయదగిన పనులు చాలావరకు చేయిదాటి పోయి ఉంటాయి. ఇంటిని చల్లగా ఉంచుకొనే పనులన్నీ ఎండలు ముదరకముందు చేసికొనవలసినవే. అందుచేత ఈ నాలుగు మాటలు ఇప్పుడే చెబుతున్నాను.

ఇది సుఖాన్ని గురించిన ముచ్చట మాత్రమే కాదు. 2015 మే నెలలో వచ్చిన వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా మరణించారు. వడదెబ్బ అంటే చేలో ఎండకు పనిచేసేవారికే తగులుతుందని మనలో ఒక నమ్మకం ఉన్నది. అది పూర్తిగా నిజం కాదు. పగలంతా కాగిన ఇంట్లో, రాత్రి కూడా చల్లబడని గదిలో, రోజుల తరబడి ఉన్నవారికీ తగులుతుంది. ముసలివారికి దాహం సరిగా తెలియదు. పసిపిల్లలు చెప్పుకోలేరు. బాలింతరాలు గది విడిచి రాదు. కనుక ఇంటి వేడి తగ్గించటం ప్రాణరక్షణ అని గుర్తుంచుకోవలెను.

ఏ.సి. పెట్టుకొంటే సరిపోదా అని అడుగుతారు. పెట్టుకోగలిగినవారు పెట్టుకోవచ్చును. కాని అది ఒక్క గదికే పనిచేస్తుంది. కరెంటు పోయిన పూట అదీ పనిచేయదు. పైకప్పు కాగే ఇంట్లో పెట్టిన ఏ.సి. ఆ కప్పుతో పోట్లాడటానికే సగం కరెంటు కాల్చివేస్తుంది. ముందు వేడిని బయటనే ఆపుకొంటే, ఆ తరువాత ఫంకా అయినా, కూలరు అయినా, ఏ.సి. అయినా తక్కువ ఖర్చుతో పనిచేస్తుంది.

మరి వేడి ఇంట్లోకి ఏ దారిన వస్తున్నది? నాలుగు దారులు ఉన్నవి. మొదటిది పైకప్పు. రెండవది పడమటి గోడ. మూడవది పగటిపూట తెరచిపెట్టిన తలుపులు, కిటికీలు. నాలుగవది ఇంట్లో మనమే పెట్టుకొనే పొయ్యి. ఈ వరుసలోనే పని మొదలుపెట్టవలెను. చేతిలో వంద రూపాయలే ఉంటే ఆ వందా పైకప్పుకే ఖర్చుపెట్టండి.

పైకప్పు ఎందుకు ముఖ్యమో చెబుతాను. మన ప్రాంతంలో మే నెల రెండవ వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మన నీడ మన కాళ్ళ కిందనే ఉంటుంది. అంటే ఆ ఎండంతా గోడల మీద పడక కప్పు మీదనే పడుతుంది. మిరపకాయను కళ్ళంలో పరచి గలగలలాడేటట్లు ఎండబెడుతున్న ఎండ ఇదే. అదే ఎండను మన కప్పు రోజంతా మోస్తున్నది.

మన ఊళ్ళలో కప్పులు మూడు రకాలుగా కనిపిస్తున్నవి. పాత పెంకుటిళ్ళు, స్లాబు వేసిన డాబాలు, రేకుల ఇళ్ళు. ఒక్కొక్కటి ఒక్కొక్క తీరుగా కాగుతుంది. కనుక ఉపాయమూ వేరువేరుగా ఉంటుంది.

పెంకుటిల్లు ఉన్నవారు అదృష్టవంతులు. పెంకు కాలిన మట్టి. పెంకుకూ పెంకుకూ నడుమ సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది. ఎత్తయిన కప్పు కింద మనిషి తలకు, వేడికి మధ్య దూరం ఉంటుంది. ఈ సంగతి తెలిసి కూడా కోతుల బాధ పడలేక పెంకులు దింపి రేకులు వేసుకొన్న ఇళ్ళు మన మండలాల్లో ఎన్నో ఉన్నవి. వారిని తప్పుపట్టటానికి లేదు. నెలకొకసారి పెంకు సర్దించటానికి మనిషి దొరకడు, దొరికినా కూలి గిట్టదు. అయితే ఇంకా పెంకులు ఉన్నవారు తొందరపడి దింపవద్దని నా మనవి. పగిలినవి ఇప్పుడే మార్పించుకొని, కింద వెదురు తడికతో గాని చెక్కతో గాని అటక వేయించుకొంటే ఆ ఇంటిని మించిన ఇల్లు వేసవిలో లేదు.

ఇక డాబా. స్లాబు పగలు ఎండను తాగుతుంది. తాగినది వెంటనే కిందికి దిగదు. కొన్ని గంటలు ఆలస్యంగా దిగుతుంది. అందుచేత మధ్యాహ్నం కాస్త పరవాలేదనిపించిన గది రాత్రి పడుకొనే వేళకు ఆవంలాగ ఉంటుంది. అనుమానం ఉన్నవారు ఏప్రిల్‌లో ఒకనాటి రాత్రి ఎనిమిది గంటలకు స్టూలు ఎక్కి స్లాబు అడుగున అరచెయ్యి ఆనించి చూడండి. బయట గాలి చల్లబడినా స్లాబు వెచ్చగా తగులుతూనే ఉంటుంది. ఫంకా ఆ వేడినే కిందికి కొట్టుచున్నది.

దీనికి అన్నిటికంటె చౌక మందు సున్నం. తెల్లని కప్పు ఎండలో చాలా భాగాన్ని తిరగగొడుతుంది. నల్లబారిన స్లాబు ఎండను చాలావరకు తనలోకే తీసుకొంటుంది. సున్నం వేసిన ఇంట్లో, ఇంటి కట్టుబడిని బట్టి, లోపలి వేడి 2, 3 డిగ్రీలు తగ్గుతుంది. 42 డిగ్రీల రోజున ఆ రెండు మూడు డిగ్రీలే నిద్ర పట్టటానికీ పట్టకపోవటానికీ తేడా. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం ఒకటి ప్రకటించింది. దానికి మూలసూత్రం కూడా ఈ తెలుపే.

సున్నం వేసే పద్ధతి వినండి. ఒక కిలో రాతి సున్నానికి సుమారు 5 లీటర్ల నీరు కావలెను. ప్లాస్టిక్ బకెట్టు వాడవద్దు, ఉడుకుకు కరిగిపోతుంది. ఇనుప డ్రమ్ములో గాని, గచ్చుతొట్టిలో గాని రాయి వేసి, నీరు కొంచెం కొంచెంగా పోసి, ఉడుకు అణగిన తరువాత ఒక రాత్రి నాననివ్వండి. మరునాడు పాత గుడ్డలో వడగట్టి, చిక్కని గంజి గాని, నానబెట్టిన తుమ్మబంక గాని కలపండి. అప్పుడు చేతికి అంటకుండా పట్టుకొంటుంది. స్లాబును శుభ్రంగా ఊడ్చి, నాచు ఉంటే గీకి, సాయంకాలం నీళ్ళు చల్లి తడి మీద మొదటి పూత వేయవలెను. అది ఆరాక అడ్డంగా రెండవ పూత, వీలైతే మూడవ పూత. వానలకు ఇది కొట్టుకొనిపోతుంది గనుక ప్రతి సంవత్సరం ఫాల్గుణ మాసంలో వేసుకోవలసినదే. ఉగాదికి గోడలకు వేస్తాం గదా, ఆ సున్నం మరొక బకెట్టు ఎక్కువ కలిపితే కప్పుకు సరిపోతుంది. ఒక్క హెచ్చరిక. ఉడికే సున్నం కంట్లో పడితే చూపు పోవచ్చు. పిల్లలను దగ్గరకు రానివ్వకండి. కలిపేవారు కళ్ళద్దాలు పెట్టుకోవలెను. పొరపాటున పడితే వెంటనే మంచినీళ్ళతో చాలాసేపు కడిగి ఆసుపత్రికి తీసికొని పోవలెను.

సూర్యాస్తమయం తరువాత స్లాబు మీద నాలుగు బిందెల నీళ్ళు చల్లటం మంచిదే. నీళ్ళ ఎద్దడి ఉన్న ఊళ్ళలో దాని జోలికి పోవద్దు. సున్నమే చాలు. తడి గోతాలు రోజంతా స్లాబు మీద పరచి ఉంచటం కూడా నేను చెప్పను. స్లాబులో పగుళ్ళు ఉంటే నీరు ఇనుముకు చేరి తుప్పు పట్టిస్తుంది.

రేకుల ఇల్లు అన్నిటికంటె కష్టం. రేకు ఎండ రాగానే కాగుతుంది, పొద్దు గుంకగానే చల్లబడుతుంది. కనుక రేకుల కింద రాత్రి కంటె పగలే ప్రమాదం. ఇనుప రేకులకు సున్నం పనికిరాదు. నిలువదు, పైగా రేకు పైపూతను తినివేస్తుంది. వాటికి తెల్ల పెయింటు వేయించవలెను. సిమెంటు రేకులకు సున్నం పట్టుతుంది. అయితే పాత సిమెంటు రేకుల్లో రాతినార ఉంటుంది. దాని పొడి ఊపిరితిత్తులకు చాలా హాని. వాటిని పొడిగా గీకటం, కోయటం, పగులగొట్టటం చేయవద్దు. తడిపి, మెల్లగా కడిగి పూత వేయవలెను. రేకుల మీద నడవరాదని వేరుగా చెప్పనక్కరలేదు. చెక్క అడ్డంగా వేసుకొని పనిచేయవలెను.

పూత కంటె ముఖ్యమైనది, రేకుకు అడుగు కింద ఒక తడిక కట్టటం. వెదురు తడిక గాని, తాటాకు చాప గాని, కందికట్టె తడిక గాని కట్టి, దాని అడుగున పలుచగా మట్టి, పేడ కలిపి మెత్తండి. రేకుకూ తడికకూ మధ్య ఉన్న గాలి అటూ ఇటూ బయటకు పోయేటట్లు రెండు కొసలూ తెరచి ఉంచవలెను. అది మూసివేస్తే సగం ఫలితం పోతుంది. కరెంటు తీగలు తడికకు ఆనకుండా చూసుకోండి.

ఇక్కడ ఒక మాట. చేలో పత్తికట్టె ఊరికే ఉన్నది గదా, దానితో దడి కట్టుకొందామని కొందరు అనుకొంటారు. అది వద్దు. ఎండిన గుడ్డికాయల్లో గులాబిరంగు పురుగు దాగి ఉండి, వచ్చే పంటకు అక్కడినుంచే బయలుదేరుతుంది. పత్తికట్టెను ఇంటికి తేక చేలోనే ముక్కలు చేయించి భూమిలో కలియదున్నించండి. దడికి కందికట్టె శ్రేష్ఠం.

రేకుల మీద వరిగడ్డి పరచటం కూడా ఊళ్ళలో చూస్తున్నాం. చల్లగానే ఉంటుంది, కాదనను. కాని వేసవిలో ఒక్క నిప్పురవ్వ చాలు. గడ్డికి బదులు పచ్చని తీగ పారించుకోండి. దొండ తీగ ముక్క నాటితే ఏళ్ళ తరబడి ఉంటుంది. సొర, బీర గింజలను ఇకనైనా ఆలస్యం చేయక పెట్టి, స్నానాల నీళ్ళు పాదుకు మళ్ళిస్తే, ఎండలు ముదిరే నాటికి పందిరి అల్లుకొంటుంది. తీగను నేరుగా కాగిన రేకు మీదికి ఎక్కించవద్దు, మాడిపోతుంది. రేకుకు జానెడు ఎత్తున కర్రలు కట్టి వాటి మీద పారించవలెను. నీడా దక్కుతుంది, కూరా దక్కుతుంది.

ఇక రెండవ దారి, పడమటి గోడ. మే నెలలో దక్షిణపు గోడకు ఎండ తక్కువ. ఉదయం తూర్పు గోడ, సాయంకాలం పడమటి గోడ కాగుతాయి. ఉదయపు ఎండకు గాలి ఇంకా చల్లగా ఉంటుంది గనుక ఓర్చుకోవచ్చు. మూడు గంటల ఎండ, అప్పటికే కాగిన గాలితో కలిసి, పడమటి గోడను పెనం చేస్తుంది. ఆ గోడకు నీడ కల్పించవలెను. ఈ ఏడాదికి తాటాకు పందిరి గాని, కందికట్టె దడి గాని గోడకు రెండడుగుల ఎడంగా కట్టండి. మంచానికి పడమటి గోడ ఆనకుండా సర్దండి. రాబోయే సంవత్సరాలకు చెట్టు నాటండి.

ఏ చెట్టు అంటే వేప గాని కానుగ గాని అంటాను. ఈ రెండూ వేసవికి ముందే పాత ఆకు రాల్చి కొత్త ఆకు తొడుగుతాయి. మనకు నీడ కావలసిన నాటికి చిక్కగా ఉంటాయి. తొలకరిలో, గోడకు 12, 15 అడుగుల దూరంలో, రెండడుగుల గొయ్యి తీసి, పశువుల ఎరువు మట్టిలో కలిపి నాటి, చుట్టూ ముళ్ళకంప కట్టవలెను. మూడు నాలుగేళ్ళలో గోడ మీదికి నీడ వస్తుంది. కొత్త ఇల్లు కట్టేవారిని మరీమరీ కోరుతున్నాను. ముప్పై ఏళ్ళ వేపను కొట్టివేసి, అది నిలిచిన చోట డాబా లేపి, తరువాత ఆ నీడను కరెంటు బిల్లు కట్టి కొనుక్కోకండి. ఇంటి నమూనాను నాలుగడుగులు జరుపుకోవచ్చు, చెట్టును జరుపలేము. ఇంటి పొడవు తూర్పు పడమరలకు ఉండి, పొట్టి గోడలు ఆ రెండు దిక్కులకు ఉంటే ఎండ తగిలే గోడ తగ్గుతుంది. ఇది కట్టుబడి మొదలుపెట్టకముందే తేల్చుకొనవలసిన సంగతి.

మూడవ దారి తలుపులు, కిటికీలు. ఇందులో రూపాయి ఖర్చు లేదు, వేళ తెలియవలెను, అంతే. బయటి గాలి లోపలి గాలి కంటె చల్లగా ఉన్నప్పుడు తెరవండి. వేడిగా ఉన్నప్పుడు మూయండి. అంటే రాత్రి నుంచి ఉదయం ఎనిమిది గంటల దాకా అన్నీ తెరవవలెను. తొమ్మిదింటి నుంచి పొద్దువాలే దాకా ఎండ వైపువి, వడగాలి వచ్చే పడమటి వైపువి మూసి, బయటివైపు తడికో గోతమో వేలాడదీయండి. తెర లోపల కట్టితే ఎండ అద్దం దాటి వచ్చిన తరువాత ఆపినట్లవుతుంది. బయట కట్టవలెను. మొన్న ఒక గ్రామసభలో ఒక అమ్మ లేచి, "పగలంతా తలుపులేసుకొని కూసుంటే ఊపిరాడొద్దా సారూ?" అని అడిగింది. మంచి ప్రశ్న. అన్నీ బిగించమని కాదు. నీడ వైపు ఒక కిటికీ, పైన ఒక గాలిసందు తెరచే ఉంచవలెను. పొయ్యి వెలుగుతున్న గదిని మాత్రం ఎప్పుడూ మూయరాదు.

తడి తడికల సంగతి. వట్టివేళ్ళ తడికను గాలి వచ్చే కిటికీకి కట్టి నీళ్ళు చల్లితే గాలి చల్లబడి వస్తుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావటానికి పట్టే వేడి, సుమారు ఏడు లీటర్ల నీళ్ళను మరిగించటానికి సరిపోయేటంత. ఆ వేడిని గాలినుంచే లాగుతుంది. కూలరు చేసే పనీ ఇదే. కాని గాలి పొడిగా ఉన్నచోటే ఇది పనిచేస్తుంది. ఖమ్మం, నల్లగొండ, పల్నాడు, రాయలసీమ ఎండల్లో బాగుంటుంది. బందరు, కాకినాడ వంటి సముద్రతీరాన గాలిలోనే తేమ నిండి ఉంటుంది గనుక తడి తడిక ఉక్కపోతను పెంచుతుంది. తీరం వారు సాయంకాలం సముద్రపు గాలి తగిలే వైపు, దాని ఎదురు వైపు కిటికీలు బార్లా తెరచుకోవటమే మేలు. మీ ఇంటికి ఏది తగునో మీ మట్టికుండ చెబుతుంది. కుండలో నీళ్ళు చల్లగా దిగిన రోజున తడిక పనిచేస్తుంది. కుండ చల్లబడని రోజున తడిక మానేసి కిటికీ తెరవండి. కూలరు పెట్టినా ఎదురుగా ఒక కిటికీ తెరచే ఉండవలెను. లేకపోతే గది ఆవిరిగది అవుతుంది.

గాలి వేడి 40 డిగ్రీలు దాటినప్పుడు ఒట్టి ఫంకా గాలి ఒంటిని చల్లబరచదు. తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి ఫంకా కింద ఉంటే గుణం కనిపిస్తుంది.

నాలుగవది పొయ్యి. వంట ఉదయం ఎనిమిదింటి లోపు, మళ్ళీ పొద్దుగూకిన తరువాత చేసికొంటే వంట చేసే ఆడవారికీ మేలు, ఇంటికీ మేలు. వేసవి నాలుగు నెలలు పొయ్యిని పెరట్లో పందిరి కిందికి మార్చండి. పందిరి ఎత్తుగా ఉండవలెను, గడ్డివాము దూరంగా ఉండవలెను, పక్కన రెండు బిందెల నీళ్ళు సిద్ధంగా ఉండవలెను.

ఈ చెప్పినదంతా పశువుల కొట్టానికీ వర్తిస్తుంది. గేదె ఒళ్ళు నలుపు, దానికి చెమట తక్కువ. రేకుల కొట్టంలో మధ్యాహ్నం కట్టివేస్తే పాలు తగ్గటం మీకు తెలిసినదే. కప్పుకు తెలుపు, పడమట దడి, రోజుకు రెండు మూడు మార్లు ఒంటి మీద నీళ్ళు, తొట్టిలో ఎప్పుడూ తాగునీరు, ఇంతే కావలెను.

అన్నిటికీ చివర ఒక పని ఉన్నది. ఇల్లంతా తిరిగి చూసి, అన్నిటికంటె చల్లని చోటు ఏదో కనుక్కోండి. ఆ చోట ఎవరి మంచం ఉన్నది? సాధారణంగా సంపాదించే కొడుకుది ఉంటుంది. ముసలివారు వెనక రేకుల వసారాలో ఉంటారు. వేసవి వరకైనా మంచాలు మార్చండి. ముసలివారికి, బాలింతకు, పసిబిడ్డకు చల్లని చోటు ఇవ్వండి. గంటకొకసారి మజ్జిగ గాని, అంబలి గాని, ఉప్పు వేసిన గంజి గాని అడగకపోయినా ఇవ్వండి. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, మనిషి తెలివి తప్పుతున్నట్లు ఉంటే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి విసురుతూ, 108కి ఫోను చేయవలెను. తెలివి లేనివారి నోట్లో నీళ్ళు పోయరాదు.

పనులను ఒక వరుసలో మళ్ళీ చెబుతాను. ఈ వారం తీగ గింజలు పెట్టండి. ఉగాది లోపల కప్పుకు సున్నం వేయండి, రేకుల కింద తడిక కట్టండి. చైత్రం వెళ్ళకముందు పడమటి దడి కట్టండి. ఎండలు ముదిరిన నాటినుంచి తలుపుల వేళలు పాటించండి. తొలకరిలో వేప మొక్క నాటండి. అన్నీ ఒకేసారి కాకపోతే సున్నంతో మొదలుపెట్టండి. మీ ఊరి విస్తరణాధికారిని అడిగితే మొక్కల సంగతి, తీగ కూరల విత్తనాల సంగతి చెబుతాడు.